బీరువాలో ఒలికిన తేమ డబ్బా నీళ్ళు మూడు రోజులైనా ఆరలా. ఇదేం ఉప్పు?

నెల్లూరు_కోడలు (మడిపాక్కం, చెన్నై)
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది మడిపాక్కంలో కింద పోర్షను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడు ఇంట్లో మోకాలెత్తు నీళ్ళు రెండు రోజులు నిలబడ్డాయి. నీళ్ళైతే పోయినాయి గానీ గోడల్లోకి ఎక్కిన చెమ్మ మాత్రం అద్దెకు దిగినట్టు ఇక్కడే ఉండిపోయింది. కార్తీకం వచ్చిందంటే చాలు, బీరువా తలుపు తీస్తే బూజు వాసన. పోయినేడు మా అత్తగారి వెంకటగిరి చీర మడతల్లో తెల్లటి మచ్చలు కూడా చూశాం.

అందుకని ఈసారి సూపర్ మార్కెట్లో తేమ పీల్చే డబ్బాలు నాలుగు తెచ్చా. పైన తెల్లటి పూసలు, మధ్యలో జల్లెడ లాంటి అర, కింద ఖాళీ. ఇరవై రోజుల్లో పూసలన్నీ మాయమై కింద గీత దాకా నీళ్ళు! గాల్లోంచి ఇన్ని నీళ్ళా అని ఇంటిల్లిపాదీ చూశాం. అంతవరకూ బాగానే ఉంది. బుధవారం మావాడు క్రికెట్ బ్యాటు కోసం బీరువాలో చెయ్యిపెట్టి ఒక డబ్బా తన్నేశాడు.

చీరలు పై అరలో ఉండబట్టి బతికినాయి. కింద అరంతా తడి, అక్కణ్ణుంచి కారి గచ్చు మీదికొచ్చింది. పొడిగుడ్డతో మూడుసార్లు తుడిచా. రాత్రంతా ఫ్యాను పెట్టా. పొద్దున చూస్తే నూనె పూసినట్టు జిడ్డుగా మెరుస్తా ఉంది. మళ్ళీ తుడిచా, మళ్ళీ అంతే. ఇప్పటికి మూడు రోజులు. కింద అరలో ఉన్న మావారి తోలు చెప్పులు ఎండు చేపలాగా బిగుసుకుని వంకర తిరిగినాయి. బీరువా అడుగు రేకు మీద పెయింటు బుడగలు లేచి లోపల ఎర్రగా కనిపిస్తా ఉంది.

డబ్బా మీద కాల్షియం క్లోరైడ్ అని మాత్రం ఉంది. నా అనుమానాలు ఇవి. ఇది ఎందుకు ఆరట్లేదు? చీరలకు తగిలితే ఏమయ్యేది? ఇక్కడ చెన్నైలోనే ప్యారిస్ (ప్యారీస్ కార్నర్) బజారులో ఇదే ఉప్పు పాతిక కిలోల బస్తా చాలా చవకంట, తెచ్చుకోవచ్చా? మా అత్తగారేమో "చిన్న గిన్నెలో రాళ్ళుప్పు పోసి పెడితే సరిపోయే దానికి ఇంత డబ్బు తగలేశావు" అంటోంది. రాళ్ళుప్పూ ఇదీ ఒకటేనా? ఇంకోటి, ఆ నీళ్ళను పొయ్యి మీద మరగబెట్టి మళ్ళీ ఉప్పు చేసుకోవచ్చా?

పెరంబూరు_బుల్లెట్
శనివారం, రాత్రి 9:58

అక్కా, పేర్లో క్లోరైడ్ ఉందంటే యాసిడే. చేత్తో ముట్టుకోవద్దు. యాసిడ్‌కి విరుగుడు సోడా. బట్టల సోడా నీళ్ళలో కలిపి దాని మీద గుమ్మరించండి, దెబ్బకి తగ్గిపోతుంది.

నెల్లూరు_కోడలు
శనివారం, రాత్రి 10:35

తమ్ముడూ, నీ మాట విని పోశాను. వాషింగ్ సోడా నీళ్ళు తగిలీ తగలకముందే పాలు విరిగినట్టు తెల్లగా అయిపోయింది! ఇప్పుడు గచ్చంతా సున్నం వేసినట్టుంది. బీరువా అడుగున కూడా. మా అత్తగారు తలుపు దగ్గర నిలబడి చూస్తా ఉంది, ఏమీ అనట్లేదు, అదే భయంగా ఉంది. ఎవరన్నా తెలిసినవాళ్ళు చెప్పండబ్బా.

ఐసుదిమ్మ
శనివారం, రాత్రి 11:20

అమ్మా, కంగారు పడొద్దు. ఆ తెల్లది విషమేం కాదు, మెత్తటి సున్నపురాయి పొడి. తడిగుడ్డతో ఎత్తి పారెయ్యండి. పోసిన సోడా చాలు, ఇంక పోయొద్దు. బుల్లెట్ బాబూ, అది యాసిడ్ కాదు నాయనా, ఉప్పు. తెలియనప్పుడు ఊరుకున్నా తప్పులేదు.

నాది కాశిమేడు. రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో 26 ఏళ్ళు చేశా. మొదట దిమ్మలు లాగే పని, తర్వాత కంప్రెసరు ఆపరేటరు. పుట్టింది మీ జిల్లాలోనే, కోట దగ్గర. మీరు ఒక్క డబ్బా నీళ్ళతో మూడు రోజులు వేగారు. మేం ఆ నీళ్ళు నిండిన తొట్టి మీదే నడిచాం, అన్నాలు తిన్నాం, రాత్రి డ్యూటీలో దాని చెక్కమూతల మీదే కునుకు తీశాం. కాబట్టి దాని బుద్ధి నాకు కొంచెం తెలుసు.

ఐసు ఫ్యాక్టరీలో పెద్ద తొట్టి ఉంటుంది, నిండా ఉప్పునీళ్ళు. అమ్మోనియా గొట్టాలు దాన్ని చల్లబరుస్తాయి. మంచినీళ్ళు పోసిన రేకు డబ్బాలను ఆ ఉప్పునీళ్ళలోకి దించుతాం. ఉప్పునీళ్ళు సున్నాకి పది డిగ్రీలు కిందికి పోయినా గడ్డకట్టవు, డబ్బాలో మంచినీళ్ళు మాత్రం కడతాయి. దీనికి మామూలు ఉప్పు చాలు, చవక కూడా. మా దగ్గర చాలా ఏళ్ళు అదే నడిచింది.

తర్వాత పక్క షెడ్డులో రొయ్యలు గడ్డకట్టించే గది పెట్టారు. దానికి ఇంకా చల్లదనం కావాలి. మామూలు ఉప్పుకి ఒక హద్దుంది. నూటికి 23 పాళ్ళు కలిపితే సున్నాకి 21 డిగ్రీల కింద దాకా లాక్కొస్తుంది, అక్కడ ఇంక చతికిలబడుతుంది. ఉప్పు ఎంత గుమ్మరించినా అంతకు కిందికి పోదు. కాల్షియం క్లోరైడ్ అట్టా కాదు, నూటికి 30 పాళ్ళు కలిపితే సున్నాకి సుమారు 50 డిగ్రీల కింద దాకా గడ్డకట్టదు. అందుకని ఆ గది కోసం పెట్టిన తొట్టికి ఇది తెప్పించారు. ప్లాస్టిక్ బస్తా, లోపల ఇంకో పాలిథిన్ సంచి, దాని మూతి గట్టిగా కట్టి ఉంటుంది. మూతి ఎందుకు కట్టారో తెలియక కొత్త కుర్రాడొకడు సాయంత్రం ఒక బస్తా విప్పి అట్టాగే వదిలేసి ఇంటికి పోయాడు. రెండు రోజుల సెలవు తర్వాత వచ్చి చూస్తే పైన రాయి, అడుగున గంజి.

దీని తమాషా ఇంకోటి చెప్తా. మొదటిసారి తొట్టిలో పోసిన రోజు మా ఫోర్‌మన్ చెయ్యి పెట్టి "ఒరే, కాగతా ఉందిరా" అని అరిచాడు. నిజంగానే నీళ్ళు గోరువెచ్చన దాటి వేడెక్కినాయి. చల్లబరిచే ఉప్పని డబ్బులు పోసి తెస్తే స్నానానికి నీళ్ళు కాస్తోంది! కరిగేటప్పుడు దీని గుణమే అంత, లోపలి వేడి బయటికి వదులుతుంది. ఆ వేడి తగ్గించడానికే కంప్రెసరు ఒక రాత్రి అదనంగా తోలాం. మీరెప్పుడైనా కలపాల్సొస్తే నీళ్ళలో ఉప్పు కొంచెం కొంచెం వెయ్యాలి. ఉప్పు మీద నీళ్ళు పొయ్యకూడదు, చిమ్ముతుంది.

ఇప్పుడు మీ గచ్చు సంగతి. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో కూడా మా ప్లాంటు గచ్చు తడిగానే ఉండేది. తొట్టి అంచు నుంచి ఒలికిన చోట ఆ తడి ఎన్నటికీ ఆరదు. ఎందుకంటే గాల్లో తేమ నూటికి సుమారు 30 దాటిందంటే ఈ ఉప్పు నీళ్ళు తాగడం మొదలుపెడుతుంది, తాగీ తాగీ తనే కరిగిపోతుంది. చెన్నైలో గాలి అంతకంటే పొడిగా ఉండే రోజు ఎప్పుడొస్తుంది? మీరు గుడ్డతో తుడిస్తే నీళ్ళు కొన్ని పోతాయి, ఉప్పు పలచగా పూత పూసినట్టు అక్కడే ఉంటుంది. రాత్రికి మళ్ళీ గాల్లోంచి తాగి పొద్దునకు తయారు. ఫ్యాను పెట్టడమంటే దానికి అన్నం వడ్డించినట్టే, కొత్త గాలి తెచ్చి నోటికి అందిస్తోంది.

అందుకని ఆరబెట్టడం కాదమ్మా, కడగాలి. రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో మంచినీళ్ళు, గుడ్డ అందులో ముంచి తుడవండి. పిండేది రెండో బకెట్లో. ఒకే బకెట్లో ముంచితే ఉప్పును ఇల్లంతా పంచినట్టవుతుంది. ఇట్టా మూడుసార్లు. మొదట సబ్బు వాడొద్దు, కాల్షియం తగిలితే సబ్బు విరిగి తెట్టెలాగా పట్టుకుంటుంది, బోరు నీళ్ళలో సబ్బు నురగ రాదు చూడండి, అదే జబ్బు. చివర్లో కావాలంటే సబ్బు. కడిగాక రెండు వేళ్ళు గచ్చు మీద రుద్దండి. జారుడుగా ఉంటే ఇంకా ఉంది. మర్నాడు పొద్దునకి చెమ్మ పట్టకపోతే వదిలిపోయినట్టు.

బీరువా అడుగున రేకు మడత ఉంటుంది, నాలుగు మూలలా. దొంగ అక్కడ దాక్కుంటాడు. బీరువాని కొంచెం ముందుకి వంచి చెంబుతో మడతల్లో మంచినీళ్ళు పోసి కార్చండి. మీవారిని పిలవండి, ఒక్కరే వంచొద్దు. తర్వాత జుట్టు ఆరబెట్టే మిషను పెట్టి రేకు పొడిగా చేసి, లేచిన పెయింటు గీకి, తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్ పెయింటు ఒక పూత వెయ్యండి. ఆలస్యం చెయ్యొద్దు. ఇనుముకి ఈ ఉప్పు చెదపురుగు. మా రేకు డబ్బాలకు కింద చిల్లులు పడేవి, బోల్టులు ముట్టుకుంటే పొరలు పొరలుగా ఊడొచ్చేవి. పాతకాలంలో తుప్పు పట్టకుండా తొట్టిలో నారింజ రంగు డైక్రోమేటు పొడి కలిపేవాళ్ళు. అది ఈ ఉప్పులాగా కాదు, నిజంగా విషం. చేతులు పుళ్ళు పడిన మనుషుల్ని చూశా.

చెప్పుల మీద ఆశ వదులుకోండి. తోలులోని తడినంతా ఇది లాగేస్తుంది, ముడుచుకున్న తోలు మళ్ళీ సాగదు. మేం పనిలో తోలు చెప్పులు వేసుకునేవాళ్ళం కాదు. నేను మొదటి జీతంతో కొన్న వాచీకి తోలు పట్టీ ఉండేది, ఆరు వారాల్లో చిప్స్ ముక్కలాగా విరిగింది. అప్పట్నుంచీ జీవితమంతా రబ్బరు చెప్పులు, స్టీలు చైను. ఇప్పుడు రిటైరయ్యాక తోలు చెప్పులు కొనుక్కున్నా, ఎందుకో కాళ్ళకు ఇమడవు.

బస్తా సంగతీ రాళ్ళుప్పు సంగతీ రేపు రాస్తా. కళ్ళు లాగుతున్నాయి.

నెల్లూరు_కోడలు
ఆదివారం, ఉదయం 11:15

బాబాయ్ గారూ, మీకు దణ్ణం పెట్టాలి. రెండు బకెట్లతో మూడుసార్లు కడిగాం, గచ్చు ఇప్పుడే పొడిగా కనిపిస్తోంది. అసలు పరీక్ష రేపు పొద్దున. బీరువా వంచినప్పుడు మడతల్లోంచి ఎర్రటి నీళ్ళు కారినాయి.

ఇంకో సంగతి. ఈ గోడ చెమ్మ కోసమే సజ్జ కింద పెచ్చులూడిన చోట బాగుచెయ్యడానికి మేస్త్రీని పిలిచాం. కడ్డీలు బయటపడి ఉన్నాయి. అతనొక పొడి చూపించి, ఇది సిమెంటులో కలిపితే సాయంత్రానికల్లా గట్టిపడిపోద్ది, మళ్ళీ వాన వచ్చేలోపు పని అయిపోద్ది అంటున్నాడు. సంచి మీద చూస్తే ఇదే పేరు, కాల్షియం క్లోరైడ్! ఇదేందిది, బీరువాలోనూ ఇదే, గోడలోనూ ఇదేనా?

సెంట్రింగ్
ఆదివారం, మధ్యాహ్నం 12:50

మేడమ్, మేస్త్రీని ఆపండి. ముందు ఆపి తర్వాత చదవండి.

నేను సివిల్ వాణ్ణి, అంబత్తూరులో ఉంటా. మేస్త్రీ చెప్పింది అబద్ధం కాదు. ఈ ఉప్పు కలిపితే సిమెంటు తొందరగా బిగుస్తుంది, చలి దేశాల్లో కాంక్రీటు త్వరగా గట్టిపడాలని ఎన్నో ఏళ్ళు వాడారు. సిమెంటు బరువులో నూటికి రెండు వంతులు కలపడం వాళ్ళ అలవాటు. గొడవంతా లోపల కడ్డీ ఉన్నప్పుడే.

లెక్క చూడండి. ఘనపు మీటరు కాంక్రీటులో 350 కిలోల సిమెంటు అనుకుందాం. నూటికి రెండు అంటే 7 కిలోల ఉప్పు. బజారులో పెళ్ళలుగా (పలచటి ముక్కలుగా) దొరికే రకంలో దాదాపు సగం బరువు క్లోరైడే, అంటే మూడు కిలోల పైచిలుకు. కాంక్రీటు పనికి మన దేశంలో పాటించే ప్రమాణం ఐ.ఎస్. 456 ప్రకారం కడ్డీ ఉన్న కాంక్రీటులో మొత్తం క్లోరైడు ఘనపు మీటరుకి 0.6 కిలో మించకూడదు. అంటే ఐదు రెట్లు దాటేశాం, ఇసుకలోనూ నీళ్ళలోనూ వచ్చేది ఇంకా కలపకుండానే.

కాంక్రీటు లోపల సున్నం గుణం వల్ల కడ్డీ మీద ఒక పలచటి కాపు పొర ఏర్పడుతుంది, అదే దాన్ని కాపాడేది. క్లోరైడు ఆ పొరను అక్కడక్కడా పొడుస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పెచ్చును బయటికి తోస్తుంది. మీ సజ్జకి జరిగింది ఇదే అయ్యుంటుంది. ఇప్పుడు దాన్ని ఆ ఉప్పుతోనే పూడిస్తే రెండేళ్ళలో పక్క పెచ్చు ఊడుతుంది, మేస్త్రీకి మళ్ళీ పని.

తుప్పు గీకించండి, కడ్డీకి పూత వేయించండి, క్లోరైడు లేనిదని సంచి మీద రాసి ఉన్న రిపేరు మసాలా అడగండి. తొందరగా బిగిసేవి వాటిలోనూ ఉన్నాయి. కొంచెం ఖరీదు.

ఐసుదిమ్మ
ఆదివారం, మధ్యాహ్నం 3:30

సెంట్రింగ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా షెడ్డులో తొట్టి పక్కనున్న నాలుగు స్తంభాలూ నడుము ఎత్తు దాకా పగిలినాయి, అవతలి వరసలో స్తంభాలకు ఏమీ కాలా.

బస్తా సంగతి. తెచ్చుకోవద్దమ్మా. పాతిక కిలోలు మీ ఇంటికి పదేళ్ళు వస్తుంది, కానీ విప్పిన నెలకే చెరువవుతుంది. విడిగా అమ్మే చోట కిలో మాత్రం తీసుకోండి. రెండు రకాలుంటాయి. పెళ్ళలుగా ఉండేది నూటికి 77 పాళ్ళు ఉప్పు, మిగతాది ముందే తాగేసిన నీరు. గుండ్రటి పూసల రకం నూటికి 94 దాకా ఉంటుంది, మీ డబ్బాలో ఉన్నది చాలావరకు ఇదే అయ్యుంటుంది. పెళ్ళలు చవక, బీరువాకి అవే చాలు.

అడిగేటప్పుడు పేరు పూర్తిగా పలకండి, కాగితం మీద రాసి చూపిస్తే ఇంకా మేలు. "కాల్షియం, తెల్లది, క్లోరు" అని నసిగితే బ్లీచింగ్ పౌడరు చేతిలో పెట్టిన కొట్టువాడు నాకు తెలుసు. దాన్ని చీరల మధ్య పెడితే తేమ సంగతి దేవుడెరుగు, రంగులన్నీ పోతాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుంది, బ్లీచింగు కొళాయి నీళ్ళ వాసన కొడుతుంది. ఇది ఏ వాసనా రాదు.

రాళ్ళుప్పు. మీ అత్తగారి మాటలో సగం నిజముంది. శుద్ధమైన ఉప్పు గాల్లో తేమ నూటికి 75 దాటితేగాని కరగదు. చెన్నైలో వానాకాలం పొద్దున్నపూట అంత ఉంటుంది కాబట్టి కొంచెం లాగుతుంది, మధ్యాహ్నం గాలి ఆరగానే తాగిన నీళ్ళు మళ్ళీ బీరువాలోకే కక్కుతుంది. రాళ్ళుప్పు జాడీలో చెమర్చేది అందులో ఉండే మెగ్నీషియం క్లోరైడు వల్ల, అది మన కాల్షియానికి తమ్ముడు. శుభ్రం చేసిన మెత్తటి ఉప్పు అంతగా చెమర్చదు. ఆవిణ్ణి తక్కువ చెయ్యొద్దు, ఆవిడ కాలంలో మంచి పద్ధతే. కాకపోతే బలం చాలదు.

డబ్బాకి ఇనుమూ అల్యూమినియమూ వద్దు. పాత ప్లాస్టిక్ డబ్బాలు రెండు తీసుకోండి. పైదానికి చిల్లులు పెట్టి కింద దాంట్లో కూర్చోబెట్టండి. పైన మూడో వంతే నింపండి, మూతికి పాత చుడీదారు గుడ్డ. కింద డబ్బా పెద్దదిగా ఉండాలి, తాగిన నీళ్ళు ఉప్పుకంటే ఎక్కువౌతాయి. నిండకముందే బాత్రూములో పారబోసి నీళ్ళు కొట్టండి. పూలకుండీల్లో మాత్రం పొయ్యొద్దు, మొక్క చస్తుంది. కంట్లో పడితే మంట, చాలాసేపు నీళ్ళతో కడగాలి. మీ క్రికెటర్‌కి అందని చోట పెట్టండి.

పలక_బలపం
ఆదివారం, సాయంత్రం 6:10

నేను విల్లివాక్కంలో కెమిస్ట్రీ టీచర్ని. పై రెండు జవాబులతో నాకు పేచీ లేదు, మిగిలిపోయిన ప్రశ్నలు రెండున్నాయని రాస్తున్నా.

చీరల గురించి. పట్టుకి ఈ నీళ్ళు తగిలితే వెంటనే చన్నీళ్ళలో జాడించాలి. ఆరకుండా ఇస్త్రీ పెట్టనే కూడదు. ల్యాబులో పట్టు దారాన్ని పూర్తిగా కరిగించడానికి వాడే ద్రావణాల్లో ఒకటి కాల్షియం క్లోరైడ్, ఆల్కహాలు, నీళ్ళు కలిపి వేడిచేసిందే. బీరువాలో ఒలికిన చల్లటి నీళ్ళు చీరను అలా కరిగించవు, కానీ మీరు తడి మీద ఇస్త్రీ పెట్టి ఆ ప్రయోగం ఇంట్లో చెయ్యనక్కర్లేదు కదా. జరీలో రాగి ఉంటే రంగు మారుతుంది కూడా.

మరగబెట్టడం గురించి. నీళ్ళు మరిగిపోయాక మిగిలేది పూసలు కాదు, పాకం. చల్లారితే గడ్డ కడుతుంది, ఆ గడ్డ దాదాపు 30 డిగ్రీలకే మళ్ళీ కరిగిపోతుంది. చెన్నైలో అది గడ్డగా ఉండేది మార్గశిరంలో తెల్లవారుజామునే. పట్టుకున్న నీళ్ళన్నీ వదలాలంటే 200 డిగ్రీలు దాటాలి, ఈలోగా చిమ్ముతుంది, గిన్నె పాడవుతుంది. గ్యాసు ఖర్చు కొత్త ఉప్పు ఖర్చును మించుతుంది. వద్దు.

ఇక నాకు బాగా నచ్చిన సంగతి. బుల్లెట్ గారి సలహా మీద మీరు సోడా పోస్తే తెల్లగా విరిగింది చూశారా, అది చిన్న విషయం కాదండీ. 1860ల్లో బెల్జియంలో ఎర్నెస్ట్ సాల్వే అనే ఆయన సున్నపురాయినీ ఉప్పునీళ్ళనీ ముడిసరుకుగా పెట్టి బట్టల సోడా తయారుచేసే దారి కనిపెట్టాడు. అందులో సోడాతోపాటు మిగిలిపోయేది ఈ కాల్షియం క్లోరైడే. గుజరాత్‌లో మిఠాపూర్ సోడా ఫ్యాక్టరీది కూడా ఈ పద్ధతే. అంటే సోడా, ఈ ఉప్పు ఒకే కడుపున పుట్టిన తోబుట్టువులు. మీరు రెండింటినీ మళ్ళీ గచ్చు మీద కలిపారు. ఏమైంది? తెల్లగా సున్నపురాయి పేరుకుంది, నీళ్ళలో మామూలు ఉప్పు మిగిలింది. ఫ్యాక్టరీ మొత్తాన్ని చెంబెడు సోడా నీళ్ళతో వెనక్కి తిప్పేశారు.

అందుకే సాల్వేకి అంత కష్టమైంది. సున్నపురాయీ ఉప్పూ నేరుగా కలిపితే సోడా రాదు, వ్యవహారం ఎప్పుడూ మీ గచ్చు మీద జరిగిన వైపుకే మొగ్గుతుంది. అందుకని ఆయన మధ్యలో అమ్మోనియాను దూర్చి చుట్టుతిప్పి తీసుకెళ్ళాడు. మా పిల్లలకు ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఆవలిస్తారు. రేపు మీ కథ చెప్తా, పేరు చెప్పనులెండి.

అనుమానమున్న తెల్ల పూసలు ఏవో తేల్చుకోవడానికి కూడా ఇదే పరీక్ష. చెంచాడు నీళ్ళలో నాలుగు పూసలు వెయ్యండి. సిలికా జెల్ (తేమ పీల్చే ఇంకో రకం పూసలు) అయితే కరగదు. కరిగి, చెంచా వెచ్చబడి, సోడా చుక్క వెయ్యగానే తెల్లబడితే ఇదే.

అన్నట్టు దీన్ని తిండిలో కూడా వాడతారు. ప్యాకెట్ల మీద 509 అనే నంబరు కనిపిస్తే ఇదే. జున్నులాంటి చీజ్ చేసేటప్పుడు కాచిన పాలు బాగా గట్టిపడటానికి, డబ్బాలో పెట్టే టమాటాలు మెత్తబడకుండా. అది తిండికోసం శుద్ధిచేసిన రకం, కొలత చాలా తక్కువ. ప్యారిస్‌లో కొన్న కిలోని వంటింట్లోకి తీసుకెళ్ళొద్దు.

ఐసుదిమ్మ
ఆదివారం, రాత్రి 8:05

టీచరమ్మా, అమ్మోనియా పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా. మా తొట్టి గొట్టం ఒకసారి లీకై ఉప్పునీళ్ళలోకి అమ్మోనియా దిగింది. రోజూ ముక్కుతో పట్టే మాకు రెండు రోజులు వాసనే తెలియలా. ఉప్పు దాన్ని తాగేసిందా?

పలక_బలపం
ఆదివారం, రాత్రి 8:40

సగం మీ నీళ్ళే తాగేశాయండీ, అమ్మోనియా నీళ్ళలో విపరీతంగా కరుగుతుంది. పొడి కాల్షియం క్లోరైడ్ అయితే అమ్మోనియాను తనతో కట్టేసుకుంటుంది కూడా. అందుకే ల్యాబులో మిగతా వాయువులను ఆరబెట్టడానికి దీన్ని గొట్టాల్లో నింపుతాం గానీ అమ్మోనియాకి వాడం, దానికి పొడిసున్నం పెడతాం. ఆల్కహాలుకీ అంతే. రెండు రోజులు ఆ తొట్టి మీద కునుకు తీశారా!

ఐసుదిమ్మ
ఆదివారం, రాత్రి 8:52

తీశానమ్మా. అప్పట్లో వయసు.

పెరంబూరు_బుల్లెట్
ఆదివారం, రాత్రి 9:15

సారీ అక్కా. మా బండి బ్యాటరీ మీద యాసిడ్ కారితే సోడా పోస్తాం, ఆ లెక్కన చెప్పేశా.

నెల్లూరు_కోడలు
సోమవారం, ఉదయం 7:25

పొద్దున లేవగానే దీపం కూడా పెట్టకుండా వెళ్ళి రెండు వేళ్ళతో గచ్చు రుద్ది చూశా. పొడి! గరగరలాడే పొడి. బీరువా వెనక మూల ఒక్కచోట మాత్రం ఇంకా జారుతోంది, దాన్ని మళ్ళీ కడుగుతా.

మేస్త్రీ మొహం మాడ్చుకుని పొడి సంచి తీసుకుపోయాడు, బుధవారం వేరే మసాలాతో వస్తానన్నాడు. సెంట్రింగ్ గారూ, కడ్డీకి వేసే పూత రంగు ఎట్టా ఉంటుందో ఒక్కమాట చెప్పండి, అతను ఏదో నల్లది పూసి అదే అంటాడేమో.

తమ్ముడూ బుల్లెట్, కోపమేం లేదు. మావాడు టీచర్ గారు చెప్పిన చెంచా పరీక్ష రాత్రే చేసేశాడు, మూడుసార్లు. చెంచా వెచ్చబడింది, వాడి సంతోషం అంతా ఇంతా కాదు. నాలుగోసారి చెయ్యకుండా మిగిలిన పూసలు దాచిపెట్టా.

మా అత్తగారికి రాళ్ళుప్పు గురించి బాబాయ్ గారు రాసింది చదివి వినిపించా. "సగం నిజమా? మిగతా సగం ఆయన్ని మా ఇంటికొచ్చి చూపించమను" అంది. ఇప్పుడు బీరువాలో పై అరలో ఆవిడ గిన్నె, కింద అరలో నా డబ్బా. ఎవరిది ముందు నిండుతుందో చూస్తాం.